చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస: పెద్దయ్యాక మీ హక్కులేమిటి?

చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారిలో చాలామంది పెద్దయ్యాకే నోరు విప్పుతారు. చేసినవాడు తరచూ అయినవాడో, ఇంటికి వచ్చిపోయేవాడో కావడమే అందుకు ఒక కారణం. అలాంటివారు అడిగే ప్రశ్నలకు జవాబులివి.

ప్ర: ఇన్నేళ్ల తర్వాత ఫిర్యాదు చేయవచ్చా?

జ: చేయవచ్చు. మూడేళ్లకు మించి జైలుశిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. అత్యాచారం ఆ కోవలోదే. పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం (పోక్సో) కేసుల్లో ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయవచ్చని 2018లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ స్పష్టం చేసింది. అంతకంటే చిన్న నేరాలకు గడువున్నా, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు.

ప్ర: ఏ చట్టం వర్తిస్తుంది?

జ: జరిగిన తేదీని బట్టి ఉంటుంది. పోక్సో 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ అదే రక్షణ. అంతకుముందు జరిగినవాటికి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా, పాత నేరానికి అప్పటి చట్టమే.

ప్ర: నా మాట తప్ప సాక్ష్యమేమీ లేదు. నిలుస్తుందా?

జ: నమ్మదగినదైతే బాధితురాలి వాంగ్మూలం ఒక్కటే చాలని, ఆలస్యం ఒక్కటే చూపి కేసును కొట్టేయకూడదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పాత కేసు నెగ్గడం తేలిక కాదు. పాత డైరీలు, ఉత్తరాలు, మెసేజీలు, డాక్టరు చీటీలు పారేయకండి. అప్పట్లో ఎవరికైనా చెప్పుకుని ఉంటే వారి పేర్లు రాసిపెట్టుకోండి.

ప్ర: జరిగింది మా ఊళ్లో, నేనుండేది హైదరాబాద్‌లో. ఎక్కడికి వెళ్లాలి?

జ: దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. నేరం తమ పరిధిలో జరగకపోయినా పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. మహిళల ఫిర్యాదును మహిళా అధికారే తీసుకోవాలి. మీ పేరు బయటపెట్టడం నేరం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. న్యాయసేవల నంబరు 15100.

ప్ర: కేసు వద్దు, మనసు కుదుటపడితే చాలు. కుదురుతుందా?

జ: కుదురుతుంది. చికిత్సకు ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. ప్రభుత్వ వైద్యంలో మానసిక చికిత్స, గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కులు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పీడకలలు, ఉలికిపాటు, ఎవరైనా తాకితే బిగుసుకుపోవడం వంటివాటికి చికిత్స ఉంది. తొలిరోజే అంతా చెప్పనక్కర్లేదు. కౌన్సెలర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. పోక్సో నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పాలన్న నిబంధన ఉంది కనుక, ఏది గోప్యంగా ఉంటుందో ముందే అడగండి.

ప్ర: ‘జరిగిందేదో జరిగింది, క్షమించేయ్’ అంటోంది మా అమ్మ.

జ: క్షమిస్తేనే కోలుకుంటారన్న నియమం లేదు. అతను వచ్చే పెళ్లికి వెళ్లకపోవడం, పండక్కి దూరంగా ఉండటం మీ ఇష్టం. కారణం అందరికీ చెప్పాల్సిన పనీ లేదు.

ప్ర: ఇప్పుడు అతని చుట్టూ పిల్లలున్నారు. నేనేం చేయాలి?

జ: ఇది మాత్రం ఆగే విషయం కాదు. ఆ పిల్లలకు ముప్పుందనిపిస్తే పోలీసులకు చెప్పడం చట్టప్రకారం బాధ్యత. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి.

మీ గతంపై కేసు పెట్టాలా, వద్దా అన్నది మీరే తేల్చుకోండి, తొందర లేదు. సాయం అడగడం మాత్రం వాయిదా వేయకండి.