చేప కాలేయము చెప్పెడి సాక్ష్యము

కొల్లేటి పరిసరములయందు వరిచేలును చేపల చెరువులును గట్టు ప్రక్క గట్టుగా నున్నవి. చేనిపై పురుగుమందు చల్లిన పిమ్మట ఆ నీరు చెరువులోనికి దిగుట మేము పలుమారులు చూచితిమి. అడిగినచో, "చేప యొక్కటియు తేలలేదు గదండీ, మందు తగులలేదు" అని రైతులు బదులు చెప్పుదురు. ఈ మాట యెంతవరకు నమ్మదగినదో విచారింతము.

చేప దేహమున విషమును విరుచు ముఖ్యస్థానము కాలేయము. అందు పనిచేయునవి ఎంజైములు. అనగా, తాము వ్యయము కాక రసాయనిక మార్పులను త్వరపరచు మాంసకృత్తులు. మొప్పలద్వారా నెత్తుట చేరిన మందునకు సైటోక్రోమ్ పి-450 అను ఎంజైములు మొదట ప్రాణవాయువును చేర్చును. పిమ్మట గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజు దానిని నీట కరగునట్లు చేయగా, అది పైత్యరసముతోను మూత్రముతోను వెడలిపోవును. అయితే మొదటి మెట్టు ఎల్లప్పుడును మేలు చేయదు. మలాథియాన్ అచ్చట మలాక్సానుగా మారి, మరింత తీవ్రవిషమై, మెదడునందలి ఎసిటైల్‌కొలినెస్టరేజును బంధించును. నరములు అదుపు తప్పును.

ఈ పనిలో పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడును కెటలేజు అను ఎంజైము నీరుగను ప్రాణవాయువుగను విడదీయును. తాజా చేప కాలేయమును నలిపి, మందుల దుకాణమున దొరకు పెరాక్సైడును చుక్కలుగా వేసిన తెల్లని నురుగు పొంగును. అది కెటలేజు పనియే. విషమును కొలుచు పరీక్ష మాత్రము కాదు.

కొంచెము మందు తగిలినపుడు, పని పెరిగి కూలీలను హెచ్చించినట్లు, ఈ ఎంజైములు తరచుగా హెచ్చును. తాకిడి మిక్కుటమై నిలిచినచో అవియే తగ్గిపోవును. కాలేయకణములు చెడగా ఏ.ఎల్.టి., ఏ.ఎస్.టి. అను ఎంజైములు నెత్తుటిలోనికి కారును. మందును, మోతాదును, చేప జాతిని బట్టి ఈ తీరు మారును. ఇదంతయు చేప తేలుటకు ముందే జరుగవచ్చును. అట్టి చేప మేత తగ్గించి, ఎదుగక, రోగములకు లోబడును; నష్టము పట్టుబడినాడు తూకమున కానవచ్చును. కావున చేప చావకుండుట క్షేమమునకు సాక్ష్యము కాదు.

చేపలకు మిక్కిలి విషమగు ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది. అంతమాత్రమున మిగిలిన మందులన్నియు చేపలకు మేలని తలపరాదు.

సభ్యులు ఈ నియమములు పాటింతురు గాక: పిచికారీ పంపును చెరువునగాని కాలువనగాని కడుగరాదు, కడిగిన నీటిని మందు చల్లిన చేనియందే, నీటివసతికి దూరముగా చల్లవలెను. మందు కొట్టిన మడినీటిని వెంటనే బయటికి విడువరాదు. చల్లుటకు ముందు చెరువుగల పొరుగువానికి తెలుపవలెను. అతడు తూము మూసికొనును. పొరుగువాని చెరువును మన చెరువుగా నెంచుటయే సహకారము.