మూలన పడిన టిల్లర్‌ను మళ్లీ మల్బరీ తోటలో దించే ముందు

ఈసారి పాఠం పురుగు గురించి కాదు, యంత్రం గురించి. కొమ్మలు కత్తిరించాక సాళ్ల మధ్య దున్నడానికి కూలీలు దొరకడం లేదు, ఇంట్లో పాత పవర్ టిల్లర్ ఉంది, దాన్ని లేపవచ్చా అని గుంపులో అడుగుతున్నారు. లేపవచ్చు. ఏళ్ల తరబడి నిలిచిన టిల్లర్‌లో చాలాసార్లు ఇనుము చెడి ఉండదు. డీజిల్ చెడి, దుమ్ము పట్టి, తుప్పుకు బిగుసుకుని ఉంటుంది. చూసే వరుస తప్పితే మాత్రం చిన్న పని పెద్ద ఖర్చుగా మారుతుంది. మనకు ఇంకో భయం కూడా ఉంది. ఆ టిల్లర్ ఒంటి మీద ఉన్న నూనె, మందు, మన్ను తోటలోకి దిగితే నష్టం ఇంజిన్‌తో ఆగదు.

తిరుప్పూరు జిల్లాలో మా ఉడుమలైపేట పక్క కనబడేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి బెంగళూరు వీఎస్‌టీ శక్తి, 13 హెచ్‌పీ. ఆ కంపెనీ 1967లో జపాను మిత్సుబిషితో కలిసి మొదలైంది. రెండోది కేరళ అత్తాణిలో తయారయ్యే కామ్కో, 12 హెచ్‌పీ, అది కుబోటా పద్ధతి. రెండూ ఒకే సిలిండర్, పడుకోబెట్టిన ఇంజిన్, నీటితో చల్లబడేవి. కాబట్టి కింద చెప్పేది రెంటికీ పనికొస్తుంది.

మేము లేపినది మా పెద్దనాన్న వాళ్ల మేకల కొట్టంలో నాలుగేళ్లు నిలిచిన బండి. చూసిన ప్రతివాడూ మొదట చేసేది ఒకటే, హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పడం. అది చెయ్యకండి. ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి, సైలెన్సర్ నోట్లో టార్చి వేసి చూడండి. మా దాంట్లో ఎలుక పేర్చిన గోనె పీచు ఒక చేటెడు వచ్చింది, సైలెన్సర్‌లో కందిరీగ మన్ను గూడు ఉన్నింది. తిప్పి ఉంటే ఆ మన్ను లోపలికి పోయి సిలిండర్‌ను గీకేది.

తర్వాత ఇంజిన్ ఆయిల్. గేజు కడ్డీ తీసి చూడండి. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. గీత కంటే పైకి ఉండి డీజిల్ వాసన కొడితే పంపు వైపు నుంచి డీజిల్ దిగింది. ఏది ఎలా ఉన్నా పాత ఆయిల్ మొత్తం దించి కొత్తది పోయాలి. దించిన ఆయిల్‌ను డబ్బాలో పట్టండి, తోట కాలవ పక్క పారబోయకండి.

ఇప్పుడు డీకంప్రెషన్ లివర్ ఎత్తి పట్టి, ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా కదిలించండి. కదిలితే సగం పని అయినట్టే. కదలకపోతే పైపు తగిలించి లాగకూడదు. నాజిల్ విప్పి ఆ రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సమంగా కలిపి కొంచెం పోయాలి. ఇంజిన్ పడుకుని ఉంటుంది గనక పోసింది కింది వైపే నిలుస్తుంది. అందుకే ఒకేసారి కుమ్మరించక, పూటకు కొంచెం పోస్తూ ఫ్లైవీల్‌ను ముందుకూ వెనక్కూ ఆడించాలి. మాది మూడో రోజు సాయంత్రం వదిలింది. వదిలిన వెంటనే నాజిల్ బిగించి స్టార్ట్ చెయ్యకండి, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. లోపల నిలిచిన ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. నాజిల్ లేకుండానే పది ఇరవై చుట్లు తిప్పి అంతా బయటికి చిమ్మనివ్వాలి. ఆ రంధ్రం ఎదురుగా ముఖం పెట్టకండి. పనిలో పనిగా వాల్వు మూత విప్పి, రెండు వాల్వులూ లేచి దిగుతున్నాయా చూస్తిమి. ఒకటి బిగుసుకుని ఉంటే ఆయిల్ చుక్కలు వేసి తట్టి వదిలిస్తిమి.

డీజిల్ సంగతి. పాత డీజిల్‌ను వడగట్టి వాడుకుందామని అనుకోవద్దు. ట్యాంకు అడుగున నీళ్లు, బంకలాంటి మడ్డి ఉంటాయి. ట్యాంకు విప్పి కడిగి, ఫిల్టర్ కొత్తది వేసి, కొత్త డీజిల్ పోయాలి. ఆపైన ఎయిర్ తీయాలి. ఫిల్టర్ దగ్గరి స్క్రూ వదులు చేసి బుడగలు లేకుండా డీజిల్ కారేదాకా ఉంచి బిగించండి, పంపు దగ్గరా అంతే. లివర్ ఎత్తి తిప్పితే నాజిల్ కిర్రుమని పలకాలి. పలకకపోతే నాజిల్‌ను పట్టరైకి తీసుకుపోండి, మేము పట్టరై అంటే మీరు వర్క్‌షాపు అంటారు. నాజిల్ పీడనం చూడటం ఇంట్లో అయ్యే పని కాదు. మాకు ఎక్కువ డబ్బు పోయింది అక్కడా, బెల్టుల దగ్గరా. పాత బెల్టుల్లో ఒకటే పగిలినా సెట్టు మొత్తం మార్చాలి. కొత్తదీ పాతదీ కలిస్తే లాగుడు అంతా ఒక్కదాని మీదే పడుతుంది.

రేడియేటర్ కడిగి నీళ్లు నింపండి. ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ గీత వరకే పోయండి. ఎక్కువైతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చి, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి దారి మూయడానికి ఒక చెక్క పలక దగ్గర పెట్టుకోండి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. స్టార్ట్ చేసేది బయలులోనే, కొట్టంలో కాదు, ఆ పొగ మనిషిని చంపుతుంది. మొదట్లో తెల్ల పొగ వచ్చి తగ్గితే సరే. నీలం పొగ ఆగకుండా వస్తుంటే రింగులు పోయినట్టు. రింగులూ పోయి, గేర్ బాక్సూ అరుస్తుంటే ఇక డబ్బు పెట్టకండి. ఆ బండిని సామాన్ల కింద అమ్మేసి, వ్యవసాయ ఇంజినీరింగ్ శాఖ బండిని ఉళవన్ యాప్‌లో బాడుగకు చూసుకోవడం మేలు.

ఇక మన పట్టు రైతులకు మాత్రమే ఉన్న లెక్క. ఇంజిన్ నడిచింది కదా అని నేరుగా తోటలోకి పోవద్దు. ఆ టిల్లర్ ఇంతకు ముందు ఎక్కడ తిరిగింది? పత్తి చేలోనో, టమాటా తోటలోనో మందు స్ప్రేయర్ మోసి ఉంటే దాని ఒళ్లంతా మందే. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడగాలి, కడిగిన నీళ్లు మల్బరీ వైపు పారకూడదు. కత్తుల సందుల్లో ఎండిన మన్నును గీకి తీయండి. వేరుముడి నులిపురుగు, వేరుకుళ్లు తెగులు ఒక తోట నుంచి ఇంకో తోటకు ఆ మన్నుతోనే పోతాయి. మంచి వీ1 తోటలో ఒకసారి వేరుకుళ్లు దిగిందంటే చెట్టు చెట్టుకూ పాకుతుంది. మా అంచనాలో టిల్లర్ మొత్తం రిపేరు కన్నా ఈ కడుగుడే విలువైన పని.

కడిగాక ఒక గంట ఖాళీ నేలలో నడిపి, ఆపి, కింద అట్టముక్క పరచి రాత్రంతా వదిలేయండి. పొద్దున అట్ట మీద చుక్క కనబడితే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, వాషరో సీలో మార్చాకే తోట. డీజిల్ తగిలిన ఆకు పురుగు ముట్టదు, ఆ చెయ్యితో కోసిన ఆకు కూడా అంతే. టిల్లర్ పట్టిన మనిషి ఆ రోజు ఆకు కోయకూడదని మా ఇంట్లో కట్టు.

జంట సాళ్ల తోటలో, అంటే 5 అడుగులు, 3 అడుగుల పద్ధతిలో, రోటరీ 5 అడుగుల సందులో హాయిగా పోతుంది. 3 అడుగుల సందులోకి కొమ్మ కత్తిరించిన వెంటనే తప్ప దించకండి, మొదళ్లు చీలుతాయి. రిపేరు మొదలుపెట్టే రోజు కూడా చూసుకోవాలి. మేము గూళ్లు విడిపించి షెడ్డు కడిగిన మరునాడు మొదలుపెడతాం. నాలుగో జ్వరం లేచిన పురుగు షెడ్డులో ఉంటే ఆకు కోయడానికే చేతులు చాలవు, టిల్లర్ విప్పి కూర్చుంటే రెండూ చెడతాయి.