శబరి నది వెనక్కి ఎందుకు పారుతుంది?

గోదావరి గురించి అందరం చదివాం. దాని ఉపనది శబరి గురించి నేను రాస్తున్నాను.

పుట్టుక: శబరి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, సింకారం కొండల్లో పుట్టింది. అక్కడ దీన్ని కొలాబ్ అంటారు. కొంతదూరం ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ సరిహద్దుగా పారుతుంది. కుంట దగ్గర్లో, మూడు రాష్ట్రాలు కలిసేచోట, సీలేరు వచ్చి ఇందులో కలుస్తుంది. అక్కణ్ణుంచి చింతూరు మీదుగా పోయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పొడవు సుమారు 418 కిలోమీటర్లు.

పేరు: రాముడికి పండ్లు పెట్టిన శబరి పేరే ఈ నదికి వచ్చిందని పెద్దోళ్లు చెప్తారు. ఒక్కో పండూ కొరికి చూసి, తియ్యటివే ఇచ్చిందట. మన కోయ భాషలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. రెండు మాటలూ చుట్టాలే!

వరద: వానాకాలంలో గోదావరి ఎక్కువగా వస్తే శబరి నీళ్లకు దారి దొరకదు. అప్పుడు కూనవరం నుంచి చింతూరు వైపు వెనక్కి తన్నుతుంది. శబరి కొండల్లో వాన లేకపోయినా ఊళ్లు మునుగుతాయి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అందుకే భద్రాచలం లెక్క రేడియోలో చెప్తే శబరి ఒడ్డువాళ్లు కూడా సామాన్లు సర్దుకోవాలి.

మంచు దేశం సైబీరియాలో లేనా అనే నది ఉత్తరానికి పారుతుంది. ఎండాకాలం మొదట్లో పైన మంచు కరిగి నీళ్లొస్తాయి, కిందిభాగం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. అక్కడ మంచుగడ్డ అడ్డం, ఇక్కడ గోదావరి అడ్డం. దారి లేక ఊళ్ల మీదికి రావడం మాత్రం ఒకటే.

పోలవరం డ్యాం కోసం 2014లో కూనవరం, చింతూరు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. డ్యాం నిండితే శబరి ఒడ్డున చాలా ఊళ్లు నీళ్ల కిందికి పోతాయి. ఊరితోపాటు రేవుల పేర్లు, వాగుల పేర్లు కూడా పోతాయి.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మను, తాతను ఇవి అడిగి రాసుకు రండి:
1. 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?
2. మన వాగుకు కోయలో పేరేమిటి? ఎందుకు వచ్చింది?
3. ఏ రేవులో నడిచి దాటేవాళ్లు?

వచ్చిన జవాబులు ఈ గోడ మీదే అతికిద్దాం.