చేతి నుండి చేతికి

ఇతర సంపదలు పంచితే తరుగుతాయి. విద్య పంచినకొద్దీ పెరుగుతుందని పెద్దల మాట. కంప్యూటర్ రంగంలో ఈ మాటను ఆచరించి చూపినది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను వెలువరించారు. ఈ రెండింటి కలయికతో రూపొందిన వ్యవస్థను ఎవరైనా వాడుకోవచ్చు, అధ్యయనం చేయవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌కు ప్రాణాధారమైనది ఈ పంచుకునే స్వేచ్ఛయే.

ఇంటర్నెట్ ఇంటింటికీ చేరకముందే ఈ ఉద్యమం ఆరంభమైంది. 1985లో స్టాల్‌మన్ తాను రచించిన ఈమాక్స్ అనే ప్రోగ్రామును టేపుపై నకలు చేసి, 150 డాలర్లకు తపాలాలో పంపేవారు. టేపును అందుకున్నవారు దానిని మరెందరికైనా నకలు చేసి ఇవ్వవచ్చు. అనంతర కాలంలో కానానికల్ సంస్థ ఉబుంటు సీడీలను 2011 వరకు ఉచితంగా దేశదేశాలకు తపాలాలో పంపింది.

అయితే ఇంటర్నెట్ లేనిచోట ఒక చిక్కు ఎదురవుతుంది. డెబియన్ వంటి వ్యవస్థలో ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా లభిస్తుంది. ఒక ప్యాకేజీ పనిచేయడానికి మరికొన్ని ప్యాకేజీలు తోడు కావాలి. కందిపప్పు ఒక్కటే తెచ్చుకొని సాంబారుకు పూనుకొన్నవారికి చింతపండు, ఉప్పు, పోపు దినుసులు గుర్తుకు వచ్చినట్లు, ఒక్క ప్యాకేజీనే తెచ్చినవారిని కంప్యూటర్ మరొకదాని కోసం అడుగుతూనే ఉంటుంది.

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, వేలాది ప్యాకేజీలు గల డెబియన్ డీవీడీని సంపాదించి, దానినే భాండాగారంగా కంప్యూటర్‌కు పరిచయం చేయడం. రెండవది, ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే ఉపకరణం. ఇది ముందుగా ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో కావలసిన ప్యాకేజీల జాబితాను ఒక ఫైలుగా సిద్ధం చేస్తుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ వద్దకు తీసుకువెళ్లి, తోడు ప్యాకేజీలతో సహా అన్నింటినీ దింపుకోవాలి. ఆ మూటను తిరిగి తెచ్చి మొదటి కంప్యూటర్‌లో స్థాపించాలి. తెచ్చినవి ఆ కంప్యూటర్‌లోని డెబియన్ సంచికకూ, ప్రాసెసర్ రకానికీ సరిపోవాలి.

చేతులు మారిన వస్తువును పరీక్షించి స్వీకరించడం వివేకం. డీవీడీ ప్రతిరూపంతో పాటు దాని పరీక్షాసంకేతాన్ని కూడా డెబియన్ ప్రకటిస్తుంది. దింపుకున్న ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంకేతం పూర్తిగా మారిపోతుంది. సంకేతాల పట్టికపై ఉండే డిజిటల్ సంతకం, అది అసలైనదేనని ధ్రువపరుస్తుంది. స్థాపనతో బాధ్యత తీరిపోదు; లోపాలను సరిదిద్దే భద్రతా ప్యాకేజీలను కూడా అప్పుడప్పుడు ఇదే మార్గంలో తెచ్చుకోవాలి.

కొన్ని వాణిజ్య సాఫ్ట్‌వేర్లు తయారీదారుని సర్వర్ అనుమతి లేనిదే పనిచేయవు. వాటి నకలును ఇతరులకు ఇవ్వడం చట్టవిరుద్ధం కూడా. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండు అడ్డంకులూ లేవు. పట్టణంలో చదివే విద్యార్థి సెలవులకు స్వగ్రామానికి వెళుతూ ఒక పెన్‌డ్రైవ్ తీసుకువెళితే, అక్కడి పాఠశాలలోని కంప్యూటర్లన్నింటికీ అది చాలు. తీగ చేరని ఊరికి విద్య చేరడం అప్పుడు ఆ విద్యార్థి చేతిలోనే ఉంటుంది.