బట్టల కొట్టుకు విలువలు రాసుకునే పద్ధతి

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారికి పోటీ పక్క మల్గీతో ఆగలేదు. చైతన్యపురిలో చీర చూసిన గిరాకీ రైలెక్కి కోఠిలో ధర కనుక్కుని, ఇష్టమైతేనే వెనక్కి వస్తుంది. ధర ఒక్కటే చూపించి ఆమెను నిలుపుకోలేం. ఈ కొట్టులో ఏం చేస్తారో, ఏం చేయరో ఆమెకు తెలియాలి. అంతకన్నా ముందు కొట్టులో పనిచేసేవాళ్లకు తెలియాలి. విలువలు రాసుకోవడం పెద్ద కంపెనీల పని అని చిన్న వ్యాపారులు వదిలేస్తుంటారు. వాళ్లకే అది ఎక్కువ అవసరమని నా నమ్మకం.

కొత్తపేట వైపు అద్దె మల్గీలో చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే కొట్టు ఒకటి ఉందనుకుందాం. ఏడుగురు పనివాళ్లు.

మొదటి రోజే నమ్మకం, నాణ్యత, సేవ అని రాయకండి. జరిగినవి రాయండి. గడిచిన ఏడాదిలో డబ్బు ఒకవైపు, మనసు ఒకవైపు లాగిన సందర్భాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కాలి. బోణీ కాకముందే మార్పిడికి వచ్చిన చీర. ఆషాఢం సేల్‌కు ముందు ట్యాగుల మీద ధర పెంచమని వచ్చిన సలహా. ఉద్దెర బాకీ తీర్చకుండానే మళ్లీ అడిగిన పాత గిరాకీ. పండగ గిరాకీలో సెలవడిగిన అమ్మాయి. ప్రతిదాని పక్కన ఏం చేశామో, ఎంత పోయిందో రాయాలి. నష్టమని తెలిసీ ఒక పని చేయకుండా ఆగిన చోట విలువ ఉన్నట్టు. ఆగలేకపోయిన చోట్లనూ దాచకుండా రాయాలి.

తర్వాత పనివాళ్లను అడగాలి. యజమాని ఎదుట నోరు విప్పరు కాబట్టి పేరు లేకుండా చీటీల మీద రాయించండి. అడగాల్సింది ఒక్కటే: గిరాకీకి ఏ మాట చెప్పేటప్పుడు మీకు మనసొప్పదు? ‘రంగు పోదమ్మా’ అని చెప్పేటప్పుడు అని ఒకరు రాయవచ్చు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడలేకపోతున్నామని ఇంకొకరు రాయవచ్చు. ఇది చిన్న విషయం కాదు. కోజికోడ్‌లో దుకాణాల్లో పనిచేసే మహిళలు దీనిమీదే పోరాడారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. కొత్తపేట కొట్టు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కౌంటర్ వెనక స్టూళ్లు వేస్తే సరిపోతుంది.

ఆ చీటీలు, నోటుబుక్కు ముందేసుకుని, చట్టం ఎటూ చేయమన్నవాటిని పక్కన పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకోకపోవడమూ అంతే. కాబట్టి ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. ‘మేం బిల్లు ఇస్తాం’ అన్నదీ విలువ కాదు, బాధ్యత. చీరలో లోపమేమీ లేదు, పెళ్లికూతురికి నచ్చలేదు. అప్పుడేం చేస్తాం? విలువ మొదలయ్యేది అక్కడ.

దీనికి జవాబు కొత్తపేటలో ఒకలా, జూబ్లీహిల్స్‌లో ఒకలా ఉంటుంది. నల్లగొండ, సూర్యాపేట వైపు బస్సుల్లో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగి పెళ్లిబట్టలు కొనుక్కుని పోయే కుటుంబాలకు మూడు రోజుల మార్పిడి గడువు ఇచ్చినా ఇవ్వనట్టే. ఊరికి పోయి, అందరికీ చూపించి, మళ్లీ బస్సెక్కాలి. వాళ్లను దృష్టిలో పెట్టుకుంటే పదిహేను రోజులైనా ఉండాలి.

ఇప్పుడు మూడో నాలుగో మాత్రమే ఎంచుకుని, కౌంటర్ దగ్గర మాట్లాడే తెలుగులో రాయండి. ‘నిజాయితీ’ అని కాదు. ‘రంగు సంగతి తెలియకపోతే తెలియదనే చెబుతాం’ అని. ‘న్యాయమైన ధర’ అని కాదు. ‘సేల్ కోసం ట్యాగు పెంచం’ అని. ‘సిబ్బందికి గౌరవం’ అని కాదు. ‘గిరాకీ ముందు పనివాళ్లను తిట్టం’ అని. ఘనమైన మాటలు ఎవరినీ ఆపవు. మన హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడింది.

రాసిన ప్రతి వాక్యానికీ అధికారం జత చేయాలి. వెయ్యి రూపాయల లోపు మార్పిడిని కౌంటర్‌లో ఉన్నవాళ్లే తేల్చాలి. ప్రతిసారీ సేటుకు ఫోన్ చేయాల్సి వస్తే ఆ విలువ సేటుది మాత్రమే, కొట్టుది కాదు.

శ్రావణ మాసంలో, వరలక్ష్మీ వ్రతం ముందు రద్దీలో పరీక్షించండి. ఏ వాక్యం నిలిచింది, ఏది తప్పింది అన్నది రోజూ రెండు ముక్కల్లో రాసుకోండి. ఒకే వాక్యం పదేపదే తప్పుతుంటే మనుషుల్ని తిట్టే ముందు జీతం పద్ధతి చూడండి. పీసుకు ఇంత అని కమీషన్ ఇస్తూ అబద్ధం చెప్పొద్దంటే, నిజం చెప్పిన అమ్మాయికే జీతం తగ్గుతుంది. కమీషన్‌ను అందరికీ కలిపి నెల అమ్మకం మీద లెక్కకట్టి, వాపసు వచ్చిన సరుకును అందులోంచి తీసేయండి. దసరాకు ఆయుధపూజ అయ్యాక ఏడుగురూ కూర్చుని ఆ నోటుబుక్కు చదివి, పనికిరాని వాక్యం కొట్టేయండి.