పాత కారు అమ్మకం ప్రకటన: పిల్లలతో కలిసి చేయదగ్గ రచనా పాఠం



తెలుగు పాఠాల్లో కరపత్రం, ప్రకటన రాయమని అడిగితే చాలామంది పిల్లలు విశేషణాలతో పేజీ నింపేస్తారు. ఇంట్లో కారు అమ్మాలనుకుంటున్నారా? ఆ ప్రకటన రాసే పని 7వ తరగతి దాటిన మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించి చూడండి.

మొదట ఇలా రాస్తారు: "షోరూమ్ కండిషన్, సూపర్ మైలేజీ, అర్జెంట్ సేల్!" ఇందులో కొనేవారికి పనికొచ్చే సమాచారం ఒక్కటీ లేదు. పైగా 'అర్జెంట్' అనగానే బేరం అక్కడే దిగిపోతుంది.

ఇప్పుడు ఇది చదివించండి:

"మారుతి స్విఫ్ట్, పెట్రోల్, 2017 మోడల్. సింగిల్ ఓనర్. 62,000 కి.మీ. తిరిగింది. సర్వీసు బిల్లులు ఉన్నాయి. ఇన్సూరెన్స్ మార్చి వరకు. లోన్ తీరింది, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించాం. ముందు టైర్లు కొత్తవి. ఎడమ వెనుక తలుపుపై గీతలున్నాయి, ఏసీకి గ్యాస్ నింపించాలి. ధర రూ. 3.90 లక్షలు, కారు చూశాక కొద్దిగా తగ్గిస్తాం. ఆదివారం ఉదయం చూడవచ్చు."

తేడా ఎక్కడుందో పిల్లలనే చెప్పమనండి. అంకెలు, తేదీలు నమ్మకం కలిగిస్తాయి. లోపాన్ని ముందే చెబితే మిగతా మాటలూ నమ్ముతారు. దాచినా ఎంతోకాలం దాగదు: నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తాయి.

రాయకూడనివీ ఉన్నాయి. ఇంటి చిరునామా, ఆర్‌సీ ఫొటో, ఆధార్ ప్రకటనలో పెట్టవద్దు. ఫోన్ నంబరు పెద్దలదే ఇవ్వాలి. డబ్బు పంపుతున్నామంటూ ఓటీపీ అడిగినా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అది మోసమే. డబ్బు తీసుకోవడానికి ఆ రెండూ అక్కర్లేదు.

డబ్బు చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. కారు అమ్మినట్లు ఫారం 29 ద్వారా ఆర్టీఏకు తెలపాలి. కొన్నవారు అదే రాష్ట్రంలో ఉంటే దీనికి గడువు 14 రోజులు. పేరు మార్పిడికి ఫారం 30 కావాలి. రికార్డుల్లో మీ పేరే ఉండగా ఆ కారుకు ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత మీదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మీ ఫాస్టాగ్‌ను కూడా మూయించండి. లేకుంటే వాళ్ల టోల్ మీ ఖాతా నుంచే పోతుంది.

ఈ నెల అభ్యాసం: మీ ఇంట్లోని కారు, స్కూటర్ లేదా సైకిల్‌కు 50 మాటల్లో ప్రకటన రాయించండి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. ఆపైన మీరే కొనేవారిలా ఫోన్ చేసి ప్రశ్నలు అడగండి. మీరు అడగాల్సి వచ్చిన ప్రతి ప్రశ్నా ప్రకటనలో తప్పిపోయిన ఒక వాక్యం. దాన్ని చేర్చి, అనవసరమైన విశేషణం ఒకటి కొట్టేయమనండి.