ముల్లుకు భయపడకు చెల్లీ, టైరు చూసి ఎంచుకో

చెల్లీ, మౌంటెన్ బైక్ కొనుక్కున్న ఆడపిల్ల ఎవరు కలిసినా నన్ను ముందు అడిగే మాట ఒక్కటే. "అక్కా, ఊరు దాటాక పంక్చరైతే ఏం చెయ్యాలి?" గేర్ల గురించి అడగరు, బ్రేకుల గురించి అడగరు. ఆ ఒక్క భయంతోనే గండిపేట దాకా హాయిగా వెళ్లి, తారు రోడ్డు అయిపోయిన చోట వెనక్కి తిరిగేస్తారు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఎంత చక్కని మట్టిదారులున్నాయో! కానీ ఆ దారుల్లో పంక్చర్ షాపు ఉండదు. గాలి పోయిన సైకిల్‌ను ఒంటరిగా నడిపించుకుంటూ రావాలంటే నీకూ బెదురే, ఇంట్లో అమ్మకూ బెంగే.

ఈ భయానికి మందు ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబు లేని టైరు. "కొత్త చక్రాలు కొనాలట కదా, వేలకు వేలు అవుతాయట కదా" అని వెనకాడకు. రిమ్ము గట్టిదైతే, దానికే ఇంట్లో టేపు చుట్టో, చిన్న ట్యూబు కోసి పరిచో మార్చుకోవచ్చు. చేతనైనంతలో ఎక్కడైనా పొదుపు చెయ్యి, నేను వద్దనను. టైరు దగ్గర మాత్రం వద్దు. ఇంట్లో చేసుకున్న ట్యూబ్‌లెస్ నిలబడాలన్నా, నడిదారిలో నిన్ను వదిలెయ్యాలన్నా అంతా టైరు చేతిలోనే ఉంది.

ముందు మన శత్రువెవరో చూద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల బీడు నేల ఎక్కడున్నా సర్కారు తుమ్మ ఉంటుంది. ఎండిపోయి రాలిన కొమ్మ మీద చక్రం ఎక్కిందంటే ముల్లు నేరుగా ట్యూబులోకి దిగుతుంది. దానికి తోడు పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. అమెరికాలో ఆరిజోనా, న్యూ మెక్సికో వైపు సైకిల్ తొక్కే మనవాళ్లనడిగి చూడు, అక్కడా ఇదే పల్లేరు వాళ్లను ఏడిపిస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబుకు బదులు పాలలాంటి లేటెక్స్ సీలెంట్ పోస్తాం. ముల్లు దిగిన చోటికి గాలితో పాటు ఆ ద్రవం తోసుకొచ్చి, గడ్డకట్టి, రంధ్రాన్ని పూడ్చేస్తుంది. చిన్న చిన్న ముళ్లు దిగిన సంగతి చాలాసార్లు నీకు తెలియను కూడా తెలియదు.

ఫ్రాన్స్‌కు చెందిన మావిక్ కంపెనీ మిషెలిన్, హచిన్సన్‌లతో కలిసి 1999లో యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చింది. దానికి ప్రత్యేకమైన రిమ్ము కావాలి, ప్రత్యేకమైన టైరు కావాలి. ఆ టైర్లకు లోపల రబ్బరు పొర దట్టంగా ఉండి గాలి నిలిచేది కానీ బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. అంత పెట్టలేని వాళ్లు మామూలు రిమ్ములకే టేపులు చుట్టి, ట్యూబులు కోసి దారి కనిపెట్టుకున్నారు. మనం పోతున్నది వాళ్ల దారినే.

ఇప్పుడు అసలు సంగతి విను. ట్యూబు ఉన్నంతకాలం గాలి నిలపడం ట్యూబు పని, టైరుది రోడ్డును పట్టుకునే పని మాత్రమే. ట్యూబు తీసేసిన మరుక్షణం రెండు పనులూ టైరు మీదే పడతాయి. అందుకే టైరు ఎంచుకునేటప్పుడు ముందు బీడ్ చూడు, తర్వాత సైడ్‌వాల్ చూడు, చివరికి గుబ్బలు చూడు. షాపులో మనకు ముందు కంటికి ఇంపుగా కనబడేవి గుబ్బలే. వాటిని చూసి టైరు కొనెయ్యకు.

బీడ్ అంటే రిమ్ములో ఇమిడే టైరు అంచు. చవక టైర్లలో దాని లోపల ఉక్కు తీగ ఉంటుంది, మడత పెట్టగలిగే టైర్లలో కెవ్లార్ లాంటి అరామిడ్ నార ఉంటుంది. తీగ సాగదు కాబట్టి గట్టిగా పట్టుకుంటుందని కొందరు దాన్నే వాడతారు. కానీ ట్యూబు కోసం చేసిన టైరు అంచుకు రిమ్ము గోడను గాలి చొరకుండా అంటుకునే ఆకారం ఉండదు. ట్యూబు కోసమే చేసిన మడత టైరు ఇంకా ప్రమాదం. దాని నార ఒత్తిడికి సాగి, టైరు రిమ్ము నుంచి ఊడి ఎగిరిపోవచ్చు. కొండ దిగుతుండగా ముందు టైరు అలా ఊడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి ఉన్న మడత టైరే తీసుకో. మాక్సిస్ టైరు మీద "టీఆర్" అని ఉంటుంది, ష్వాల్బే మీద "టీఎల్‌ఈ" అని, విట్టోరియా మీద "టీఎన్‌టీ" అని ఉంటుంది. అదే పేరుతో, అదే గుబ్బలతో ఆ అక్షరాలు లేని టైరు కూడా తక్కువ ధరకు దొరుకుతుంది. పేరు చూసి మోసపోకుండా పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదువు.

సైజు కూడా అంకె చూసే తీసుకో. "57-584" అని ఉంటే 57 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 584 అనేది బీడ్ కూర్చునే చోట వ్యాసం. 26 అంగుళాల మౌంటెన్ బైక్ చక్రానికి రెండో అంకె 559, 27.5కు 584, 29కి 622. రిమ్ము మీద స్టిక్కర్లో కూడా ఇదే అంకె ఉంటుంది. రెండూ కలవాలి.

అంకెలు కలిసినా ప్రతి టైరూ ప్రతి రిమ్ముకూ పట్టదు. అందుకే టైరు కొనడానికి వెళ్లేటప్పుడు చక్రం విప్పి వెంట తీసుకెళ్లు. షాపులో సిగ్గుపడకుండా "ఒకసారి ఎక్కించి చూస్తానన్నా" అని అడుగు. ఒక అంచు ఎక్కించి, రెండోదాన్ని రెండు బొటనవేళ్లతో నొక్కుకుంటూ రా. చివరి జానెడు దగ్గర వేళ్లు నొప్పి పెట్టేంత బిగువుగా ఉండి, అయినా చేత్తోనే ఎక్కితే అది నీ టైరు. శ్రమే లేకుండా జారిపోతే వదులు. టేపు ఇంకో చుట్టు వేసి కొంత సర్దుకోవచ్చు కానీ మరీ వదులైతే ఆ టైరు వద్దు. ఇనుప లివరు లేనిదే ఎక్కనంటే దారిలో నీ చేతులకు లొంగదు, అదీ వద్దు.

ఇక సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ. మన దారుల్లో ముల్లు ఒక శత్రువైతే, వాడి అంచున్న రాళ్లు ఇంకో శత్రువు. అడుగున పడ్డ రంధ్రాన్ని సీలెంట్ పూడుస్తుంది. పక్కన రాయి కోసిన చీలికను పూడ్చలేదు. టైరు మీద 60 టీపీఐ, 120 టీపీఐ అని రాస్తారు, అంగుళానికి ఎన్ని దారాలో ఆ లెక్క. 120 అంటే సన్నదారం, టైరు మెత్తగా, తేలికగా ఉంటుంది, కానీ కోతకు త్వరగా లొంగుతుంది. 60 అంటే లావుదారం, కాస్త బరువైనా మొండిగా నిలబడుతుంది. పక్కలకు అదనపు పొర ఉన్న టైరు, మాక్సిస్‌లో "ఎక్సో" అని రాసి ఉండే రకం, మన రాళ్ల దారులకు సరిపోతుంది. బరువు గురించి దిగులు పడకు. ట్యూబు తీస్తే 150, 200 గ్రాములు తగ్గుతుంది, సీలెంట్ పోస్తే అందులో 100 గ్రాములు తిరిగొస్తుంది. ట్యూబ్‌లెస్ వల్ల మనకు లాభం బరువులో కాదు, ధైర్యంలో.

వాడిన టైరు ఎవరైనా ఇస్తే పట్టపగలు వెలుతురులో పక్కలను వంచి చూడు. దారాలు పైకి తేలినా, రబ్బరు నెర్రెలు విచ్చినా దండం పెట్టి వదిలెయ్యి.

గుబ్బల విషయానికొద్దాం. ముందు టైరు పట్టు కోసం, వెనక టైరు పరుగు కోసం. ముందు చక్రం జారితే మనిషి పడుతుంది, వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. అందుకే ముందుకు కాస్త వెడల్పుగా, ఎత్తు గుబ్బలున్నది, వెనక్కి చిన్న గుబ్బలు దగ్గరగా ఉన్నది తీసుకో. మన నేల ఎక్కువ కాలం ఎండి, గట్టిగా, పైన గులకరాళ్లతో ఉంటుంది. మరీ ఎత్తు గుబ్బలు వర్షాకాలపు బురదకు బాగుంటాయి కానీ తారు మీద కాళ్లు పీకేస్తాయి. ముందు మాక్సిస్ ఆర్డెంట్, వెనక ఐకాన్ అయితే మన నేలకు పొసుగుతాయి. విట్టోరియా మెజ్కాల్ లాంటిది వెనక వేస్తే పొడి నేల మీద చక్కగా దొర్లుతుంది. వెడల్పు 2.2 నుంచి 2.4 అంగుళాల మధ్య చాలు. బరువు ఎక్కువ పడేది వెనక చక్రం మీదే కాబట్టి అది ముందు అరుగుతుంది. బలమైన సైడ్‌వాల్ ఒక్కదానికే డబ్బుంటే వెనక్కే పెట్టు.

టైరు కుదిరాక మిగతా పని సులువు. రిమ్ము డబుల్ వాల్, అంటే రెండు పొరలది అయి ఉండాలి, సొట్టలు ఉండకూడదు. టేపు పద్ధతైతే రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, లోపలి వెడల్పు కంటే 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువున్న ట్యూబ్‌లెస్ టేపును లాగిపట్టి చుట్టు. వాల్వు రంధ్రం దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చేలా చూసుకుని, అక్కడ టేపుకు చిల్లు పెట్టి ట్యూబ్‌లెస్ వాల్వు బిగించు. ట్యూబు పద్ధతైతే 26 అంగుళాల రిమ్ముకు 20 అంగుళాల పిల్లల సైకిల్ ట్యూబు, 29కి 24 అంగుళాల ట్యూబు సాగదీసి ఎక్కించి, బయటి వైపు నడిమధ్య చుట్టూ కోసి, రెండు అంచులూ రిమ్ము బయటికి పరిచి, లోపలి పౌడరు కడిగి, దాని మీద టైరు ఎక్కించు. గాలి నిలిచాక బయటికొచ్చిన రబ్బరును బ్లేడుతో జాగ్రత్తగా కత్తిరించు. ఈ పద్ధతిలో ఒక సుఖముంది. ట్యూబుతోనే వాల్వు వస్తుంది. మన సైకిళ్లకు చాలావాటికి మోటారు సైకిల్ లాంటి లావు వాల్వే కాబట్టి పంక్చర్ షాపు కంప్రెసరుతో నేరుగా గాలి కొట్టించుకోవచ్చు.

మడత విప్పిన కొత్త టైరును వెంటనే ట్యూబ్‌లెస్ చెయ్యబోకు. ముందు మామూలుగా ట్యూబు వేసి, గాలి కొట్టి, ఒక రాత్రి ఉంచు. మర్నాడు ఒక పక్క మాత్రమే ఊడదీసి ట్యూబు లాగెయ్యి. రెండో పక్క అప్పటికే రిమ్ములో కూర్చుని ఉంటుంది, సగం పని అయిపోయినట్టే. అంచులకు సబ్బు నీళ్లు రాసి, వాల్వు లోపలి పిన్ను విప్పి, గాలి ఒక్కసారిగా కొట్టించు. బీడ్ రిమ్ము గోడకు ఎక్కి కూర్చునేటప్పుడు టప్ టప్‌మని గట్టిగా మోగుతుంది. ఆ మోత వినబడాలి. అంచు పొడవునా టైరు మీది సన్నని గీత రిమ్ముకు ఒకే దూరంలో కనబడాలి. ఒకచోట అది లోపలికి పోయిందంటే అక్కడ బీడ్ కూర్చోలేదన్నమాట. 40 పీఎస్ఐ దాకా వచ్చినా కూర్చోకపోతే ఇంకా కొట్టించకు. గాలి తీసి, సబ్బు రాసి మళ్లీ మొదలుపెట్టు. టైరు మీదా, రిమ్ము మీదా రాసిన హద్దు ఏ పరిస్థితిలోనూ దాటకు, కంప్రెసరు దగ్గర ముఖం టైరుకు దూరంగా పెట్టు.

తర్వాత గాలి వదిలేసి, వాల్వులోంచి సీలెంట్ పొయ్యి. 27.5కు సుమారు 90, 29కి 110 మిల్లీలీటర్లు. పాత బట్టలు కట్టుకో, లేటెక్స్ మరక చీరకైనా చుడీదార్‌కైనా పడితే పోదు. పిన్ను బిగించి, మళ్లీ గాలి కొట్టి, చక్రాన్ని తిప్పి, ఊపి, ఒక్కో పక్క మీద కాసేపు పడుకోబెట్టు. సైడ్‌వాల్ మీద సబ్బు నీళ్లు రాస్తే సన్నని బుడగలు కనిపిస్తాయి, చూస్తుండగానే ఒక్కొక్కటీ ఆగిపోతాయి. మర్నాటికి గాలి కొంచెం తగ్గితే కంగారు పడకు, మళ్లీ కొట్టి ఒక చుట్టు తొక్కిరా.

గాలి ఎంత పెట్టాలి? నువ్వు 55, 60 కిలోలుంటే ముందు 25, వెనక 28 పీఎస్ఐతో మొదలుపెట్టు. నమ్మకం కుదిరాక 22, 25 దాకా తగ్గించొచ్చు. ఇంకా తగ్గిస్తే మలుపులో టైరు పక్కకు వాలి, బీడ్ సందులోంచి గాలి బుస్సుమని పోతుంది. ఇంట్లో మార్చిన చక్రాలకు ఈ బెడద ఎక్కువ.

మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి చూసి కాస్త పొయ్యి. ఎంత చేసినా సంచిలో ఒక ట్యూబు, పంపు, లివర్లు ఉండాల్సిందే. దారిలో ట్యూబు వెయ్యాల్సొస్తే ముందు టైరు లోపలంతా తడిమి చూడు. సీలెంట్ దాచిపెట్టిన ముళ్లన్నీ అక్కడే ఉంటాయి. వాటిని ఏరకుండా ట్యూబు వేశావంటే నిమిషంలో గాలి పోతుంది. వేళ్లు గుచ్చుకోకుండా చున్నీ కొంగు చుట్టుకుని తడుము.

వారానికోసారి కాలనీలో తారు మీదే తొక్కేదానివైతే ఇదంతా నీకక్కర్లేదు, ట్యూబే ఉంచుకో. మట్టిదారి పిలుస్తున్నా ముల్లుకు జడిసి ఆగిపోతున్నావంటే మాత్రం ఈ నెల జీతంలో రెండు మంచి టైర్లకు డబ్బు పక్కన పెట్టు. టేపు, వాల్వు, సీలెంట్, కాస్త ఓపిక చాలు, మిగతాదంతా నీ చేతులే చేస్తాయి. ఈ పని నేర్చుకున్నాక ఇంకో చెల్లికి దగ్గరుండి చేసిపెట్టు, తనూ నీతో వస్తుంది.